చివరి బోల్టు మేస్త్రి

ఆ షెడ్డులో కారు బాగుచేయించుకోవాలంటే కారొక్కటే తీసుకెళితే చాలదు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్ళాలి. పాత కార్ల ముందు చక్రాల దగ్గర వచ్చే టకటకలూ, కిరకిరలూ, గుడగుడలూ పట్టుకోవడంలో అక్కడి మేస్త్రిని మించినవాడు లేడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. చప్పుడు పట్టుకుంటాడు, అరిగిపోయింది విప్పుతాడు, కొత్తది వేస్తాడు, అన్నీ బిగిస్తాడు. ఒక్క బోల్టు మాత్రం వదిలేస్తాడు. ఆ కారులో రోజూ ఎవరెవరు ఏ సీట్లో కూర్చుంటారో వాళ్ళందరూ వచ్చి, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుంటే తప్ప ఆ చివరి బోల్టు బిగించడు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే.

ఇందులో పిచ్చి ఎంత, శాస్త్రం ఎంత అని అడుగుతారేమో. శాస్త్రం కొంచెం ఉంది. ముందు చక్రాన్ని కారుకి పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. ఆ చెయ్యి కారుకి అతుక్కునే చోట ఒక రబ్బరు బుష్ ఉంటుంది. కారుని జాకీ మీద లేపి, చక్రం గాల్లో వేలాడుతుండగా ఆ బుష్ బోల్టు బిగించేశారనుకోండి, కారు కిందకి దిగగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఆ మెలిక మీదే తిరిగి తిరిగి కొన్నాళ్ళకే చిరుగుతుంది, చప్పుడు మళ్ళీ మొదలు. అందుకని కారు నాలుగు చక్రాల మీదా నిలబడి, బరువు మోస్తున్నప్పుడే బిగించాలి. ఇంతవరకూ ఏ మేస్త్రయినా ఒప్పుకుంటాడు. మన మేస్త్రి ఒక్కడే, బరువంటే మనుషుల బరువు అన్నాడు. అదీ దారినపోయేవాళ్ళు కుదరదట, ఆ కారు మనుషులే కావాలట.

ఈ మొండితనంతో అందరికన్నా ఎక్కువ వేగింది ఆయన కూతురు. రెండేళ్ళు ఈ పనే చదువుకుని, ఐదేళ్ళుగా తండ్రితో కలిసి షెడ్డు నడుపుతోంది. బోల్టు ఎంత బిగువెక్కిందో అంకెల్లో చూపించే పానా కొనుక్కుంది. ఎవరైనా ఏదైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పని అయిపోయిన కారు మనుషుల కోసం ఎదురుచూస్తూ షెడ్డులో చోటు ఆక్రమించుకుని కూర్చుంటే ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయేది.

"నాన్నా, రబ్బరుకి బరువు తెలుస్తుంది, సరే. బంధుత్వం ఎలా తెలుస్తుంది?"

"నీకు చదువెక్కువైంది తల్లీ," అనేవాడాయన, చేతులు తుడుచుకుంటూ. ఆయన దగ్గరున్న జవాబు అదొక్కటే.

ఒకసారి మందుల షాపాయన కుటుంబం వచ్చింది. భార్య, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. అందరూ ఎక్కారు. మేస్త్రి కారు కింద గుంటలోకి దిగాడు, రెండు నిమిషాల్లో తల పైకెత్తాడు.

"వెనకాల ఎడమ కిటికీ దగ్గర ఎవరు?"

"నేనే," అంది చిన్నది.

"రోజూ నువ్వేనా?"

"కాదు, నేను! ఇవాళ ఇది నన్ను తోసేసింది," అంది పెద్దది.

"అయితే తేల్చుకోండి. తేలాక పిలవండి," అని గుంటలోంచి బయటికొచ్చి టీ చెప్పించుకున్నాడు. తేలడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా నాయనమ్మ నోరు తెరుచుకుని నిద్రపోయింది. కోడలు లేపబోతే మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "లేపకండమ్మా! రోజూ కారెక్కితే పడుకుంటారా?" "ఎక్కీ ఎక్కగానే." "అయితే అదే సరైన బరువు. ఎవరూ దగ్గకండి," అని దిగి బిగించాడు.

బడిపంతులు కథ ఇంకా గొప్పది. ఆయన భార్య కోపం వచ్చి పుట్టింటికి వెళ్ళింది. ఆ సంగతి మేస్త్రికి చెప్పడం ఇష్టంలేక, ఆవిడ సీట్లో ఒక సిమెంటు బస్తా, దాని మీద ఇంకో చిన్న మూటా పెట్టుకుని వచ్చాడు.

"సరిగ్గా మా ఆవిడ బరువు, మేస్త్రీ. తూయించి మరీ తెచ్చాను."

"ఆవిణ్ణి సిమెంటుతో తూచినట్టు ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

"తెలిస్తే వచ్చే చప్పుడు నేను బాగుచెయ్యలేను పంతులుగారూ. బస్తా దించెయ్యండి. ఆవిణ్ణి తీసుకురండి."

పంతులు నెత్తీనోరూ బాదుకున్నాడు. కాలినడకన బడికి వెళ్ళాడు. నాలుగోరోజు బస్సెక్కి అత్తగారింటికి వెళ్ళి, ఏం చెప్పుకున్నాడో ఏమో, భార్యని తీసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. "మేస్త్రి కోసం వచ్చాను, మీ కోసం కాదు," అని ఆవిడ షెడ్డంతా వినపడేలా అంది. మేస్త్రి కింద బోల్టు బిగిస్తూ కిసుక్కున నవ్వాడు.

ఒంటరి కుర్రాడొకడు వస్తే మాత్రం ఆయన ఎక్కువ సతాయించలేదు. "పక్కన ఎవరూ కూర్చోరా? ఎప్పుడూనా?" అని రెండుసార్లు అడిగి, ఉసూరుమని బిగించి పంపాడు. "ఇది తాత్కాలికం. పెళ్ళయ్యాక తీసుకురా, మళ్ళీ బిగిస్తాను," అన్నాడు. రెండేళ్ళ తర్వాత వాడు నిజంగానే కొత్త పెళ్ళాంతో వచ్చి నిలబడ్డాడు. ఆవేళ మేస్త్రి మొహం చూడాలి, సొంత కొడుక్కి పెళ్ళయినంత సంబరం.

సరే, ఇవన్నీ ఒక ఎత్తు, గుండీల బావ కారు ఒక ఎత్తు.

ఊళ్ళో టైలరు షాపులన్నిటికీ గుండీలూ, దారాలూ, జిప్పులూ సరఫరా చేసే బావా బావమరుదులు ఇద్దరున్నారు. అందరూ వాళ్ళని గుండీల బావ, గుండీల బావమరిది అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా ఒకే కారు. బావ నడుపుతాడు, నోరు విప్పడు. బావమరిది ఎడమ సీట్లో ఒళ్ళో గుండీల సంచీ పెట్టుకుని కూర్చుంటాడు, నోరు ముయ్యడు. ఏ టైలరుకి ఎన్ని రంధ్రాల గుండీ కావాలో, ఎవరి కూతురికి ఏ ఊరి సంబంధం కుదిరిందో అన్నీ బావమరిదికే తెలుసు. ఆ కారులో ఎడమ సీటు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు.

అలాంటిది ఒక మంగళవారం పొద్దున్న గుండీల బావ ఒక్కడే షెడ్డులోకి కారు తెచ్చాడు. గేటు దగ్గరి మిట్ట మీద కారు ఎగిరినప్పుడు ముందు ఎడమవైపు టక్కుమంది. మేస్త్రి చేస్తున్న పని ఆపి, ఆ చప్పుడు కన్నా ముందు ఆ ఖాళీ సీటు వంక చూశాడు.

"ఎడమవైపు కూర్చునే మనిషేడీ?"

"ఆ మనిషి లేడు."

"అయ్యయ్యో! ఎప్పుడు? నాకు కబురు కూడా లేదే!"

"ఛ ఛ! నిక్షేపంగా ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు. నాకు లేడు, అంతే."

కూతురు నెమ్మదిగా కూపీ లాగితే కథ బయటికొచ్చింది. గొడవ ఈ చప్పుడు గురించేనట. నెల రోజులపాటు బావమరిది "ఎడమవైపు టకటకమంటోంది బావా" అని చెబుతూ వచ్చాడు. బావకి సొంత కారుని ఎవరైనా అంటే పడదు. చివరికి ఒకరోజు నడిరోడ్డు మీద, "నీ నోరు మూస్తే ఆ టకటక అదే ఆగుతుంది," అనేశాడు. బావమరిది తలుపు తీసుకుని, గుండీల సంచీ భుజానేసుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. అది జరిగి నలభై రోజులు. తరవాత కారంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బావకి టకటక బ్రహ్మాండంగా వినపడింది.

"చప్పుడుందని నేనొచ్చినట్టు ఎక్కడా అనకండి," అన్నాడు బావ గొంతు తగ్గించి. "మా ఇంట్లో తెలిస్తే వాళ్ళ తమ్ముడికి చేరిపోతుంది. సోమవారం కారు అమ్మేస్తున్నాను, కొనేవాడు వస్తాడు. కారూ వద్దు, వ్యాపారమూ వద్దు. ఒక్కణ్ణీ తిరగలేకపోతున్నాను. ఆలోపు ఈ చప్పుడు తీసెయ్యండి చాలు."

కూతురు కారు ముందు మూల మీద బరువేసి కిందికీ పైకీ ఊపింది. మేస్త్రి గుంటలో నిలబడి, కళ్ళు మూసుకుని, లోయర్ ఆర్మ్ మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి చక్రానికి కలిసే బాల్ జాయింట్ దగ్గర కదలిక లేదు. వెనకవైపు బుష్ దగ్గర టక్కుమని అరచేతికి తగిలింది. కడ్డీతో ఎత్తి చూస్తే రబ్బరు సగం చిరిగి ఉంది. బుధవారం మధ్యాహ్నానికి పాతది వత్తి తీసి కొత్తది ఎక్కించారు. అన్నీ బిగించారు. చివరి బోల్టు దగ్గర మేస్త్రి పానా పక్కన పెట్టేశాడు.

"మీ బావమరిదిని తీసుకురండి."

"చస్తే పిలవను."

"అయితే కారు ఇక్కడే ఉంటుంది."

"ఆ బ్రహ్మచారి కుర్రాడికి ఎవరూ లేకుండానే బిగించావట. నాకూ అలాగే బిగించెయ్యి."

"అప్పుడు వాడికి ఎవరూ లేరు. మీకున్నారు."

గురువారం బావ వచ్చి అరిచాడు. శుక్రవారం వచ్చి బతిమాలాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు మేస్త్రి కదల్లేదు. బావ దిగాలుగా వెళ్ళిపోతుంటే కూతురు వెనకాలే వెళ్ళింది. పాపం పెద్దమనిషి, తన కారు తనకి ఇవ్వమని అడుక్కోవాలా? "శనివారం సాయంత్రానికి మీ కారు మీకిస్తాను బాబాయ్, నాదీ పూచీ," అని గేటు దగ్గర మాటిచ్చేసింది.

శనివారం మేస్త్రి భోజనానికి వెళ్ళగానే పని మొదలుపెట్టింది. బావమరిది ఎనభై రెండు కిలోలని బావనే అడిగి తెలుసుకుంది. రెండు పాత బ్యాటరీలు, ఒక టైరు, పనిముట్ల పెట్టె తూచి ఎడమ సీట్లో పేర్చింది. డ్రైవరు సీట్లో కూడా బావకి తగ్గ బరువు వేసింది. గుంటలోకి దిగి, లెక్క ప్రకారం, అంకె చూసుకుని బిగించింది. ఇంతకన్నా పద్ధతిగా ఏ కంపెనీలోనూ బిగించరు. సామానంతా దించేసి, కారు తుడిచి, బావకి ఫోన్ చేసి రమ్మని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కారు కింద చప్పుడు. వంగి చూస్తే గుంటలో వాళ్ళ నాన్న. బిగించిన బోల్టుని దొంగలా వదులు చేస్తున్నాడు.

"నాన్నా!"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు, తల ఇనుముకి కొట్టుకుంది. పానా జారి కింద పడింది.

"నేను తప్పుగా బిగించానా?"

"లేదు తల్లీ. చూశాను. చాలా బాగా బిగించావు."

"మరెందుకు విప్పుతున్నావ్?"

ఆయన తల రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"అంటే మనుషులు అక్కర్లేదన్న సంగతి నీకు తెలుసు. మొదట్నించీ తెలుసు! ఇది మోసం నాన్నా. ఆయన కారు, ఆయన ఇష్టం, సోమవారం అమ్ముకుంటాడు. మధ్యలో నీకేమిటి?"

"కారు ఆయనది," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "ఎడమ సీటు ఆయనది కాదు."

"ఏంటి?"

"ఆయనకి నడపడం తప్ప మాట్లాడటం రాదు. ఆయన బావమరిదికి మాట్లాడటం తప్ప నడపడం రాదు. సోమవారం ఈ కారు పోయిందంటే ఇద్దరూ చెరో ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటారు. ఎడమొహం పెడమొహం అయిన మనుషుల్ని ఒక్క చోట కూర్చోబెట్టాలంటే ఏదో ఒక వంక కావాలి. నా దగ్గర బోల్టు తప్ప ఏముంది?"

ఆ పిల్ల గుంట అంచు మీద కూలబడింది.

"పంతులుగారి సిమెంటు బస్తా?"

"బస్తాతో బ్రహ్మాండంగా బిగించొచ్చు. బిగించి ఉంటే ఆ తల్లి పుట్టింటి నుంచి ఎప్పటికొచ్చేదో."

"మందుల షాపాయన?"

"ఆయన ఆ పిల్లలతో కలిసి ఒక్కచోట ముప్పావుగంట కూర్చోవడం అదే మొదటిసారట. వాళ్ళావిడ చెప్పింది."

ఐదేళ్ళుగా తండ్రిని మొండి అనుకుంది, ఛాదస్తం అనుకుంది, వయసు మీదపడి బుద్ధి మందగిస్తోందేమోనని కూడా భయపడింది. ఇప్పుడు చూస్తే గ్రీజు మొహంతో, తల బొప్పి కట్టించుకుని, దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అబద్ధం రాదు కదమ్మా. ఎవరైనా నిలదీస్తే నీ మొహమే చెప్పేస్తుంది."

అది నిజమే. అందుకే ఆ సాయంత్రం కారు కోసం వచ్చిన బావకి ఏం చెప్పాలో తెలీక, "రేపు పొద్దున్న రండి బాబాయ్," అని మొహం తిప్పుకుని లోపలికి పారిపోయింది.

ఆదివారం తెల్లవారగానే ఆ పిల్లే స్కూటరేసుకుని బావమరిది ఇంటికి వెళ్ళింది. ఆయన నేల మీద గుండీలు పోసుకుని, వేరుచేసిన వాటినే మళ్ళీ కలిపి మళ్ళీ వేరుచేస్తున్నాడు. నలభై రోజులుగా వినేవాళ్ళు లేక మనిషి కాస్త వాడిపోయాడు.

"బాబాయ్, మీరొచ్చి ఎడమ సీట్లో కూర్చోవాలి. మా నాన్న బోల్టు బిగించాలి."

"బోల్టెందుకు? ఆ కారులో చప్పుడే లేదన్నాడుగా పెద్దమనిషి."

"ఉందని ఆయనే తీసుకొచ్చారు."

బావమరిది చేతిలో గుండీ ఆగిపోయింది. "ఆయనే? సరిగ్గా ఏమన్నాడు? ఉందన్నాడా, ఉన్నట్టుందన్నాడా?"

"ఉందన్నారు."

"ఏ వైపన్నాడు?"

"ఎడమవైపే."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. కంగారులో ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడు. "వస్తాను. కారు కోసం వస్తున్నాను, చెబుతున్నా. ఎవరి మొహమూ చూడటానికి కాదు."

షెడ్డులో ఇద్దరూ కారెక్కారు. బావ కుడి కిటికీలోంచి గోడని చూశాడు, బావమరిది ఎడమ కిటికీలోంచి డబ్బాలని చూశాడు. మేస్త్రీ, కూతురూ గుంటలోకి దిగారు. కూతురు అర నిమిషంలో బోల్టు బిగించేసింది. మేస్త్రి నోటి మీద వేలేసుకుని, పైకి కేకేశాడు.

"రోజూ కూర్చునేలా కూర్చోవాలి! కొలత కుదరడం లేదు!"

"రోజూ అయితే నేను మాట్లాడుతుంటాను," అన్నాడు బావమరిది.

"అయితే మాట్లాడండి! లేకపోతే రబ్బరు తప్పు సర్దుకుంటుంది!"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నేనెవరితోనో అనడం లేదు. ఊరికే అడుగుతున్నాను. ఆ మలుపులో టైలరు కోటు గుండీలు అడిగి ఉంటాడే?"

"అడిగాడు," అంది బావ గొంతు. "రెండు రంధ్రాలవి ఇచ్చాను."

"రెండా! ఇరవై ఏళ్ళుగా ఆయనకి నాలుగు రంధ్రాలవే కదా!"

"నాకేం తెలుసు? ఆయన తిట్టాడు."

"తిట్టడూ మరి! ఇంకా ఎవరెవరు తిట్టారు?"

"అందరూ," అన్నాడు బావ. స్టీరింగు తుడుస్తూ, "వెళ్ళిన ప్రతిచోటా ముందు నువ్వేడనే అడిగారు. ఆ తర్వాత తిట్టారు. ఆ చప్పుడు సంగతి... నువ్వన్నది నిజమేరా," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో బావమరిదికి మాట తోచకపోవడం అదే మొదటిసారి. తర్వాత మొదలుపెట్టాడు చూడండి, నలభై రోజుల బాకీ మాటలన్నీ ఒక్కసారే కురిశాయి. గుంటలో మేస్త్రి గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, చప్పుడు పట్టుకునేటప్పుడు వినేంత శ్రద్ధగా విన్నాడు. కూతురు నవ్వు ఆపుకోలేక, కొంగు లేదు కనక తుడుపుగుడ్డ నోట్లో కుక్కుకుంది. అరగంట గడిచాక గానీ మేస్త్రి "అయింది!" అని అరవలేదు.

బావా బావమరుదులిద్దరూ గేటు దగ్గరి మిట్ట మీద కారుని నాలుగుసార్లు ఎక్కించి దించి చూశారు. చప్పుడు లేదు. బావ కారు ఆపి దిగాడు. సంతోషంగా ఉండాల్సిన మనిషి నసుగుతున్నాడు.

"మేస్త్రీ, రేపు కొనేవాడొస్తాడు కదా. వాళ్ళావిడ బక్కమనిషి, నలభై ఐదు కిలోలు కూడా ఉండదు. ఇదేమో మావాడి ఎనభై రెండు కిలోలకి బిగించారాయె."

"ఎనభయ్యే," అన్నాడు బావమరిది కారులోంచి.

"ఆవిడ కూర్చుంటే చప్పుడు రాదూ? ఒకరికి చప్పుడు కారు అంటగట్టడం ధర్మమేనా?" మేస్త్రి నోరు తెరవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వాగవయ్యా, నువ్వు మొండివాడివి. అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి, ఉన్నదున్నట్టు చెప్పేదానివి. నువ్వు చెప్పు. వస్తుందా, రాదా?"

రాదు. ఏ రబ్బరుకీ అంత తేడా తెలీదు. ఆ సంగతి ఆ షెడ్డులో ఆ పిల్లకి తెలిసినంత ఖచ్చితంగా ఎవరికీ తెలీదు. మేస్త్రి గాభరాగా పక్కనున్న టైరు వంక చూడటం మొదలుపెట్టాడు. కూతురు బావ మొహంలోకి చూసింది. అక్కడ ఎంత ఆశ ఉందో చూసింది.

"వస్తుంది బాబాయ్," అంది, రెప్ప వెయ్యకుండా.

"గట్టిగానే వస్తుందా?"

"గట్టిగానా! ఊరంతా వినపడుతుంది."

గుండీల బావ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కారులోకి వంగి, "విన్నావుగా? ఇంకేం చేస్తాం, అమ్మడానికి లేదు," అన్నాడు. "ఆ సంచీ ఎక్కడ పెట్టి ఏడ్చావు? పద, ముందు ఆ నాలుగు రంధ్రాలవి ఇచ్చేసి వద్దాం."